రెండు వేళ్ళ సందు

నేను ఒక నిట్రాటిని. ఇంటికప్పు బరువంతా నెత్తిన పెట్టుకుని నిలబడే గుంజనన్నమాట. గుంజ అంటే చిన్నతనంగా ఉంటుందని మా వడ్రంగులు నిట్రాడు అన్నారు. నాకూ ఆ మాటే ఇష్టం. గోదావరి పాయల మధ్య గరువులంకలో, అడబాల వారి మండువా లోగిలిలో, ఉత్తరం వైపు వరసలో ఆఖరిదాన్ని. ఎత్తు పన్నెండు అడుగులు. నిలబడి నూరేళ్ళు దాటింది. ఇంతకాలం నిలబడ్డవాళ్ళకి కూర్చున్నవాళ్ళ మీద కొంచెం కోపం ఉంటుంది. నా మాటల్లో అది కనబడితే సర్దుకోండి.

పుట్టింది పాపికొండల వెనక అడవిలో. టేకు మానుని. నన్ను కొట్టినవాళ్ళు ఎవరికోసం కొడుతున్నారో చెప్పలేదు. మరో అరవై మానులతో కలిపి తెప్ప కట్టి గోదాట్లోకి తోశారు. రాజమండ్రి రేవులో తేలేసరికి ఒళ్ళంతా నాని ఉంది. అక్కడికి వచ్చాడు అడబాల నూకరాజు. వెంట ఆయన వడ్రంగి లక్కోజు కనకాచారి. కనకాచారి ఒక్కో మాను మీదా పిడికిలితో కొట్టి, చెవి ఆనించి విని, తల అడ్డంగా ఊపి ముందుకు పోయాడు. నా మీద కొట్టి మాత్రం చెవి తియ్యకుండానే "ఇదండి" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను ఇప్పటికీ పొంగిపోతూ ఉంటాను.

లంకకి చేరాక హాయిగా నిలబెడతారనుకున్నాను. ఒక వానాకాలమంతా బురదగుంటలో పడేశాడు కనకాచారి. తర్వాత ఏడాది నీడపట్టున ఎండబెట్టాడు. నూకరాజు రోజూ పొద్దున్నే వచ్చి "ఇంకెన్నాళ్ళు ఆచారీ?" అనేవాడు. "ఇంట్లో మీరొక్కరే ఉంటారాండి, మీ మనవలు కూడా ఉంటారాండి?" అని అడిగేవాడు కనకాచారి, పని ఆపకుండానే. నూకరాజు గొణుక్కుంటూ వెళ్ళి మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. ఆ తొందర వాళ్ళ వంశంలోనే ఉంది. ఆ సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది.

మేం మొత్తం పదహారుమందిమి. ఒక్కొక్కరి కిందా రాతి దిమ్మ. మానుగా ఉన్నప్పుడు వేరు వైపు ఏదో ఆ కొసే కిందికి ఉండాలని కనకాచారి ముందే గుర్తులు పెట్టుకున్నాడు. మా తలల మీద దూలాలు, దూలాల మీద అటక, అటక పైన వాసాలు, వాసాల మీద గూనపెంకు. ఇంటి మొత్తంలో ఒక్క ఇనుప మేకు లేదు. దూలం కొసని సన్నటి కుసిగా చెక్కి, నా తలలో తొలిచిన కన్నంలో దింపి, అడ్డంగా కొయ్య చీల కొట్టాడు. ఇంటి నడుమ వాన పడే మండువా, చుట్టూ వసారా. వెనక వంటపాక, పక్కన పశువుల సావిడి, బండి సావిడి, నేలకి నాలుగడుగుల ఎత్తున గుంజల మీద నిలబెట్టిన ధాన్యపు కొట్టు. అన్నింటిదీ ఒకే లెక్క. ముందు గుంజలు, తర్వాత కప్పు, చిట్టచివర గోడలు.

అవును, గోడలు చిట్టచివరే. కప్పు వేసేశాక నెల్లాళ్ళు మా ఇల్లు గోడలు లేకుండానే నిలబడింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి నవ్విపోయేవారు. ఆ తర్వాత మా వెనకాల మట్టిగోడలు పెట్టించాడు కనకాచారి. అదీ మాకు ఆనించలేదు. ప్రతి నిట్రాటికీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు వదిలించాడు. "సందెందుకయ్యా, తేళ్ళు దూరడానికా?" అన్నాడు నూకరాజు.

"ఏరు వస్తదండి," అన్నాడు కనకాచారి. "వచ్చినప్పుడు ఏదో ఒకటి పట్టుకుపోకుండా ఊరుకోదు. గోడ ఇచ్చేద్దాం. ఇల్లు మనం ఉంచుకుందాం."

అన్నట్టే నూకరాజు కొడుకు హయాంలో ఏరు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మట్టిగోడలు కరిగి కాలవలో కలిసిపోయాయి. మేం పదహారుమందిమీ నడుంలోతు నీళ్ళలో, నెత్తిన కప్పుతో, అటక మీద జనంతో నిలబడ్డాం. నీళ్ళు తీశాక అందరూ కలిసి మట్టి తొక్కి నెలలో గోడలు పెట్టుకున్నారు. ఇందులో నా గొప్పేం లేదు. నా వెనక ఆ రెండు వేళ్ళ సందు లేకపోతే నేనూ గోడతోపాటే పోయేదాన్ని.

మూడో తరానికి గణపతి వచ్చాడు. నూకరాజు మనవడు. మంచివాడే, కానీ చేతులు ఊరుకోవు. పెళ్ళయిన కొత్తలో దొడ్లో నూతి గిలక మార్చాడు, తర్వాత సావిడి నేల మార్చాడు, తర్వాత వంటపాక పొగగూడు మార్చాడు. ఆయన భార్య మంగాయమ్మ "మిమ్మల్ని కూర్చోబెట్టాలంటే మంచానికి కట్టెయ్యాలి" అనేది. నలభై ఏళ్ళొచ్చేసరికి ఆయన కన్ను మట్టిగోడల మీద పడింది. ఊరంతా ఇటిక గోడలు లేస్తుంటే అడబాల వారి ఇంటికి మట్టిగోడలా అని బాధ. పట్నం నుంచి ఒక మేస్త్రిని పిలిపించాడు. ఆ మేస్త్రి ఉత్తరపు గోడ పొడవు చూసి, ఇంత గోడ ఒంటరిగా నిలబడదని, సందు మీదుగా ఇనుప ఊచలు వేసి నిట్రాళ్ళకి బిగించాలని చెప్పాడు. ఉత్తరాన ఉన్న మా నలుగురికీ నాలుగు ఊచలు, ఒక్కోటి జానెడు లోతు.

కన్నాలు వెయ్యాల్సింది కనకాచారి మనవడు భద్రాచారి. అప్పటికి అరవై దగ్గర పడ్డవాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. "వద్దండి గణపతి బాబూ. గోడకీ కొయ్యకీ ముడెయ్యకూడదండి," అన్నాడు. గణపతి వినలేదు. "మీ తాత రోజుల్లో సిమెంటుందా ఏంటి? ఈ గోడ ఏరొచ్చినా కదల్దు," అన్నాడు. రెండు రోజులు వాదన నడిచింది. మూడో రోజు భద్రాచారి సంచి భుజాన వేసుకుని పనికి వచ్చాడు. ఆసామి మాట కాదనలేకపోయాడని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకుని ఆయన మీద కోపం తెచ్చుకున్నాను.

తీరా కన్నాలు తొలిచే బరమా నా ఒంట్లో దిగాక తెలిసింది. సరిగ్గా రెండు వేళ్ళ లోతు దిగి ఆగిపోయింది. బయటికి చూస్తే కన్నం కన్నంలాగే ఉంది. లోతు ఎవడు చూస్తాడు? నలుగురికీ అలాగే తొలిచి, మొదటి ముగ్గురికీ ఊచలు దింపి, చుట్టూ లక్క పూసి మూసేశాడు. గోడ నిలబడినంతకాలం ఊచ ఉంటుంది, గోడ పోతే జారి దానితోపాటే పోతుంది. నా వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. మర్నాడు అమావాస్య. వడ్రంగులు అమావాస్య నాడు పనిముట్టు ముట్టరు, మేస్త్రీలూ అంతే. భద్రాచారి నా ఒంటి మీద అరచేత్తో ఒకసారి నిమిరి, సంచిని మా వసారాలోనే ఉంచి, ఇంటికి పోయాడు.

అమావాస్య నాడు ఇంట్లో అలికిడి లేదు. గణపతి భోంచేసి పడుకోవాల్సింది. పడుకోలేదు. వచ్చి నా కన్నంలో వేలు పెట్టి చూశాడు. వేలు రెండు కణుపులు దిగి ఆగింది. ఆచారి సగం తొలిచి వదిలేశాడనుకున్నాడు. మోసం జరిగిందన్న అనుమానం ఏ కోశానా రాలేదు. అటూ ఇటూ చూసి, సంచిలోంచి బరమా తీశాడు. వడ్రంగి పనిముట్టు, అందులోనూ అమావాస్య నాడు ముట్టుకోవడం ఎంత తప్పో ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆయనకీ తెలుసు. అందుకే అటూ ఇటూ చూశాడు. చెమటలు కక్కుతూ జానెడు లోతు తొలిచాడు, వంకరటింకరగా. ఊచ దింపి, అది చాలదన్నట్టు సిమెంటు పాలు పోసి బిగించి, పైన మిగతావాటిలాగే లక్క పూశాడు. బరమా తుడిచి మళ్ళీ సంచిలో పెట్టేశాడు. నాకు నొప్పి కంటే ఒళ్ళు మంట ఎక్కువ.

మర్నాడు భద్రాచారి రాగానే "నాలుగోది నేనే పెట్టేశాను ఆచారీ" అన్నాడు, నవ్వుతూ.

భద్రాచారి గణపతి మొహంలోకి చూశాడు. "మీరాండి? నేను తొలిచిన కన్నంలోనేనాండి?"

"మరింకెక్కడ? చక్కగా సరిపోయింది."

భద్రాచారి మొహంలో భారం దిగిపోయింది. తన గుట్టు బయటపడలేదని ఆయన సంతోషం. బరమా సంగతి బయటపడలేదని ఈయన సంతోషం. ఇద్దరూ ఒకరినొకరు మోసం చేసుకుని తృప్తిగా తాంబూలాలు వేసుకున్నారు. మధ్యలో నిజం తెలిసింది నాకొక్కదానికే. నాకు నోరు లేదు.

మూడో ఏడు శ్రావణంలో ఏరు వచ్చింది.

అంతకుముందు రెండుసార్లు వచ్చిన ఏరు వేరు, ఇది వేరు. మధ్యాహ్నం గట్టు తెగిందన్న కేక వినబడింది, సాయంత్రానికి లంకలో పాకలన్నీ మునిగాయి. ఎత్తు అరుగుల మీద ఉన్నది మా ఇల్లే. నలభై మంది చేరారు. ముసలివాళ్ళు, పిల్లలు, కోళ్ళ గంపలు, ఒక కుట్టుమిషను. భద్రాచారి కూతురు కామాక్షి పుట్టింట పురుడు పోసుకుని పన్నెండో రోజు. ఆమెనీ పసిగుడ్డునీ పడవలో తీసుకొచ్చాడు భద్రాచారి, ఒక చేత్తో వాళ్ళని పట్టుకుని, రెండో చేత్తో పనిముట్ల సంచి పట్టుకుని. మంగాయమ్మ కామాక్షిని అటక మీద మా ఉత్తరపు కొసన, వాన జల్లు తగలని చోట పడుకోబెట్టింది. సరిగ్గా నా నెత్తిమీద.

గణపతి గుమ్మాలకి ఊక బస్తాలు అడ్డం వేయించి, బంకమట్టి మెత్తించాడు. బయట ఛాతీలోతు నీళ్ళు, లోపల తొడల దాకానే. "చూశారా నా గోడ?" అని అందరికీ వినబడేట్టు అన్నాడు. జనం దండాలు పెట్టారు. నిజంగానే ఆ రాత్రంతా గోడ నిలబడింది.

తెల్లవారి, మబ్బులోంచి వెలుతురు వచ్చాక, ఫట్‌మని చప్పుడైంది. గోడ మీది సిమెంటు గిలాబు నిలువునా చీలింది. ఏరు రాత్రంతా ఊరికే కూర్చోలేదు. ఉత్తరపు గోడ పునాది కింద బయటివైపు ఇసక తోడుకుపోయింది. మట్టిగోడయితే ఎప్పుడో కరిగిపోయి ఉండేది. ఈ గోడ కరగలేదు. నిండుగా, బరువుగా, బయటికి ఒరగడం మొదలుపెట్టింది. ఊచ నన్ను వెనక్కి లాగడం నాకు తెలుస్తోంది.

పైన గొడవ రేగింది. "గోడ పోతంది!" అని ఒకరు, "సావిడి కప్పు మీదికి దూకేద్దాం" అని ఇంకొకరు. ఇద్దరు మగవాళ్ళు అప్పుడే పెంకు పీకుతున్నారు. అప్పుడు లేచాడు భద్రాచారి.

"కూకోండి! ఎవరూ కదలకండి. గోడ పోతే పోనివ్వండి. ఇల్లు పోదు."

"ఎలా పోదు ఆచారీ?" అన్నాడు గణపతి. "గోడకీ నిట్రాళ్ళకీ ఊచలున్నాయి. గోడ పడితే నిట్రాళ్ళని దిమ్మల మీంచి లాగేస్తది. నిట్రాడు పోతే దూలం, దూలం పోతే ఈ అటక..."

భద్రాచారి తల దించుకున్నాడు. "లాగదండి. ఆ ఊచలు రెండు వేళ్ళ లోతేనండి. జానెడు వెయ్యమన్నారు, నేను వెయ్యలేదు. మా తాత చేతిపని చేజేతులా పాడుచెయ్యలేకపోయేనండి. మీకు అబద్ధం చెప్పేను. తప్పే."

జనానికి ప్రాణం లేచొచ్చింది. గణపతికి మాత్రం ముందు కోపం వచ్చింది. భద్రాచారి భుజం మీది తువ్వాలు పట్టుకుని గుంజాడు. "నా ఇంట్లో నా కళ్ళకే గంతలు కట్టేవా? మూడేళ్ళబట్టీ నన్ను వెర్రివెధవని చేసేవా?"

"ఏవండీ!" అని అడ్డం వచ్చింది మంగాయమ్మ. "ఆచారి బాబాయ్ చేసిన మోసం వల్లే ఇవాళ బతుకుతున్నాం. చెయ్యి తియ్యండి."

ఆయన చెయ్యి తీశాడు. తీసిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అప్పుడు తట్టింది ఆయనకి. మూడు ఊచలు జారతాయి. నాలుగోది జారదు. ఆయన కళ్ళు అటక పలకల సందులోంచి నా మీదికి దిగాయి. తర్వాత నా పైన పసిదానికి పాలిస్తున్న కామాక్షి మీదికి వెళ్ళాయి.

చెప్పు, అన్నాను నేను. నా మాట నాకే వినబడింది. చెప్పవయ్యా, గోడ ఇప్పుడే ఇంకో వేలెడు జరిగింది. జనం స్థిమితపడ్డారు. ఎవరో నవ్వారు కూడా. భద్రాచారి పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నిలబడి ఉన్నది గణపతి ఒక్కడే. నోరు తెరుస్తాడు, మూస్తాడు. నలభై మంది ముందు, పెళ్ళాం ముందు, అమావాస్య నాడు దొంగలాగా వడ్రంగి సంచిలో చెయ్యి పెట్టానని చెప్పాలి. అదీ అదే వడ్రంగిని అందరి ఎదుటా మోసగాడని తిట్టిన మరుక్షణం. ఇంత చిన్న సిగ్గు అంతమంది ప్రాణాలకి అడ్డం పడుతుందంటే మనుషుల్ని ఎరగనివాళ్ళు నమ్మరు. నేను డెబ్భై అయిదేళ్ళు వాళ్ళ మధ్య నిలబడ్డాను కనక నాకు ఆశ్చర్యం లేదు. భయం ఉంది.

"ఆచారీ," అన్నాడు గణపతి. మళ్ళీ అన్నాడు. "ఆచారీ, నాలుగోది నేను పెట్టేను."

"తెలుసండి. ఆవేళే చెప్పేరు కదండి."

"నీ కన్నం లోతుతో ఆగలేదు. అమావాస్య నాడు నీ బరమా తీసేను. జానెడు తొలిచేను. సిమెంటు పోసి బిగించేను."

భద్రాచారి తిట్టలేదు. ఆయన అడిగిందల్లా "ఆ ఆఖరి నిట్రాడేనాండి?" అని. గణపతి వేలు చూపించాడు.

భద్రాచారి లేచాడు. "అందరూ దక్షిణం వైపు జరగండి. ఒక్కొక్కరే. పరిగెత్తితే అటక ఊగుద్ది. అమ్మా కామాక్షీ, ముందు నువ్వు." కామాక్షి పిల్లని గుండెకి అదుముకుని కూర్చున్నట్టే జరిగింది. భద్రాచారి చూడలేదు. అప్పటికే నిచ్చెన దిగుతున్నాడు. వెనకాలే గణపతి.

నీళ్ళలో నా దగ్గరికి వచ్చి భద్రాచారి సందులోకి చూశాడు. రెండు వేళ్ళ సందు మూడు వేళ్ళయింది. రంపానికి ఊచ తెగదు. ఉన్న దారి ఒక్కటే. ఊచ చుట్టూ నా ఒళ్ళు చెక్కెయ్యాలి, సిమెంటు ముద్దతో సహా బయటికి వచ్చేటంత. తక్కువ చెక్కితే ఊచ రాదు. ఎక్కువ చెక్కితే నెత్తిమీద బరువుకి నేనే నడుముకి విరుగుతాను.

"బండి మోకు తెండి. దీన్ని నడుమ నిట్రాటికి కట్టండి, బిగించి," అన్నాడు. గణపతి ఈదినట్టుగా వెళ్ళి మోకు తెచ్చాడు. నన్ను రెండు చుట్లు చుట్టి, మండువా అంచున ఉన్న నడుమ నిట్రాటికి కట్టి, మిగిలిన కొస తన వీపు చుట్టూ తిప్పుకుని కాళ్ళు దిమ్మకి తన్నిపెట్టాడు. భద్రాచారి నా మీద అరచెయ్యి వేశాడు. "తాతా, తప్పు కాయి," అన్నాడు. ఉలి పెట్టాడు.

ఆ దెబ్బలు నాకు ఇప్పటికీ గుర్తే. కనకాచారి ఉలి కింద నేను కొత్తగా తయారవుతున్నప్పుడు కూడా ఇంత నొప్పి లేదు, ఎందుకంటే అప్పుడు నా మీద ఎవరూ లేరు. ఇప్పుడు నొప్పికి కదిలితే పైన జనం పోతారు. చెక్క పేళ్ళు నీళ్ళలో పడి తేలుతూ పోయాయి. గోడ మూలిగింది. నేను దిమ్మ మీద అంగుళం వెనక్కి జరిగాను. పైన దూలం కిర్రుమంది, అటక సందుల్లోంచి దుమ్ము రాలింది. ఎవరో ఏడుపు మొదలుపెట్టబోతే మంగాయమ్మ గొంతు "ష్" అంది.

"చాలా?" అన్నాడు గణపతి. మోకు ఆయన వీపుని కోసేస్తోంది.

"ఇంకా ఉందండి."

"గోడ వచ్చేస్తంది ఆచారీ! వదిలెయ్, వచ్చెయ్!"

"నాలుగు దెబ్బలండి. పట్టుకోండి."

ఒకటి. రెండు. మూడో దెబ్బకి గోడ పోయింది.

పక్కన ముగ్గురి ఊచలూ సర్రుమని జారిపోయాయి, ఆయన అన్నట్టే. నాలుగోది నన్ను పట్టుకుని లాగింది. నేను వంగాను. మోకు తాడు బిగిసి కీచుమంది. గణపతి మోకాళ్ళ మీదికి పడిపోయాడు కానీ వదల్లేదు. అప్పుడు నా లోపల ఏదో పెళ్ళున చీలింది. సిమెంటు ముద్ద, నా కండలో గుప్పెడు, ఇంకా ఉలి పట్టుకున్న భద్రాచారి ఎడమచేతి వేళ్ళు, అన్నీ ఆ కన్నం అంచున ఒక్కసారి నలిగి ఊచ బయటికి ఊడిపోయింది. గోడ నీళ్ళలో కూలింది. ఏరు ఇంట్లోకి వచ్చి, మా పదహారుమంది మధ్యనుంచి, అడ్డం లేని దారిలో అవతలికి సాగిపోయింది.

నేను నిలబడ్డాను. నా పైన దూలం నిలబడింది. నలభై మంది నిలబడ్డారు. గణపతి ఒక చేత్తో నన్నూ, ఒక చేత్తో భద్రాచారినీ పట్టుకుని, చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు.

మూడో రోజు నీళ్ళు తీశాయి. భద్రాచారిని పడవ మీద ఆస్పత్రికి తీసుకెళ్ళారు. చెయ్యి దక్కింది కానీ మూడు వేళ్ళు తీసేశారు. ఉలి పట్టే చెయ్యి అది. ఆ తర్వాత ఆయన ఇంకే ఇంటికీ కుసి దించలేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే మాట మార్చేవాడు. ఒక్కొక్కసారి పనిలేనప్పుడు మా వసారాలో కూర్చుని, కుడిచేత్తో గాల్లోనే సుత్తి ఆడించేవాడు. అది చూసినప్పుడు నాకు ఏడుపొచ్చేది. కొయ్యకి ఏడుపేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి.

గోడలు మళ్ళీ మట్టివే పెట్టారు. గణపతి స్వయంగా మట్టి తొక్కాడు. నిట్రాటికీ గోడకీ మధ్య సందు కొలవడానికి ఒక్కో చోటా తన రెండు వేళ్ళు పెట్టి చూశాడు. ఇక నా కన్నం మిగిలింది, మనిషి పిడికిలి దూరేటంత. పట్నం మేస్త్రి వచ్చి సిమెంటుతో పూడుస్తానన్నాడు. ఆయన్ని గణపతి గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. పొరుగూరి వడ్రంగులు వేస్తామన్నారు. భద్రాచారి ఒప్పుకోలేదు.

"మీరు వెయ్యండి," అన్నాడు గణపతితో.

"నాకేం వచ్చు ఆచారి గారూ?" గణపతి ఆయన్ని గారూ అనడం అప్పుడే మొదటిసారి విన్నాను.

"నేర్చుకోండి. నేను కూకుని చెబుతాను."

ఆరు నెలలు పట్టింది. పనికిరాని చెక్కల మీద మొదలుపెట్టాడు. ఉలి అటు పెడితే ఇటు జారేది. వేళ్ళు కోసుకున్నాడు, తిట్లు తిన్నాడు. మాట తక్కువ భద్రాచారికి అన్ని తిట్లు వస్తాయని ఆ ఆరునెలల్లోనే తెలిసింది. మంగాయమ్మ చాటున నవ్వుకునేది. చివరికి ఒక టేకు ముక్క చెక్కి, తిరగేసి, మళ్ళీ చెక్కి, నా గాయంలో దింపి చీల కొట్టాడు. దూరంగా వెళ్ళి చూశాడు. అంచులు కలవలేదు. ఒక మూల పైకి లేచి ఉంది.

"బాలేదు కదండీ," అన్నాడు గణపతి.

"బాలేదండి."

"తీసేసి మళ్ళీ వెయ్యనా?"

భద్రాచారి కుడిచేత్తో తట్టి చూశాడు. చెవి ఆనించి విన్నాడు. "వద్దండి. గట్టిగా ఉంది," అన్నాడు.

భద్రాచారి పోయి ఇరవై ఏళ్ళు దాటింది. కామాక్షి కూతురు, ఆనాడు పన్నెండు రోజుల పసిగుడ్డు, ఇప్పుడు మండల కేంద్రంలో టీచరమ్మ. మా ఇల్లు నిండుగానే ఉంది. గణపతి కొడుకులు, కోడళ్ళు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ మోటారుసైకిళ్ళు బండి సావిడిలో. ఆ ఏరు వచ్చిన దగ్గర్నుంచి ఊళ్ళో ఎవరూ మా మట్టిగోడల్ని చూసి నవ్వరు.

కిందటి ఏడాది పాత ఇళ్ళ మీద చదువుకునే పిల్లలు నలుగురు వచ్చారు, టేపులూ కెమెరాలూ పట్టుకుని. దూలాలు, చీలలు, ధాన్యపు కొట్టు గుంజలు, అన్నీ కొలిచారు. ఇనుము లేని అతుకులు చూసి నోళ్ళు తెరిచారు. నేను కొంచెం నిటారుగా నిలబడ్డాను. వాళ్ళలో ఒక అమ్మాయి నా దగ్గర ఆగి, ఆ పైకి లేచిన మూల వేలితో రాసి చూసి, పక్కవాడితో రాసుకోమంది. "ఉత్తరం వరస, నాలుగో స్తంభం. తర్వాతి కాలంలో ఎవరో చేతకానివాళ్ళు అతుకు వేసి చెడగొట్టారు."

గణపతి కోడలు ఇబ్బందిగా నవ్వి ఏదో అనబోయింది. వసారాలో పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న గణపతి లేచాడు. ఎనభై ఏళ్ళ మనిషి, కర్ర ఆనించుకుంటూ, నలుగురి ముందుకీ వచ్చాడు.

"ఆ చేతకానివాణ్ణి నేనేనమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి బిత్తరపోయింది. "సారీ తాతగారూ, నేను..."

"సారీ ఎందుకమ్మా, ఉన్నమాటే అన్నావు. ఆ అతుకు వెయ్యాల్సొచ్చిన కన్నం చేసిందీ నేనే. దొంగతనంగా చేసేను. అది కూడా రాసుకో." కర్ర నాకు ఆనించి, చెయ్యి ఆ వంకర మూల మీద పెట్టాడు. "కానీ ముందు పైన ఇంకో పేరు రాయి. లక్కోజు భద్రాచారి. ఈ ఇంట్లో నలభై మందిని నిలబెట్టి మూడు వేళ్ళు ఇచ్చేసిన మనిషి. ఆ కింద రాసుకో నా పేరు."

ఆ అమ్మాయి ముందు రాసింది కొట్టేసి, మళ్ళీ మొదటినుంచి రాసుకుంది.